కదిలే కేబుల్‌ను వదిలి మళ్లీ పట్టుకునే గ్రిప్

కేబుల్‌కు వేలాడే క్యాబిన్లలో మనుషులను మోసుకెళ్లే గొండోలా నడుస్తున్నంతసేపూ దాని కేబుల్ ఎక్కడా ఆగదు. రెండు చివర్లలోని పెద్ద చక్రాలను చుట్టుకుంటూ సాధారణంగా సెకనుకు 5 నుంచి 6 మీటర్ల వేగంతో తిరుగుతూనే ఉంటుంది. అయినా స్టేషన్‌లోకి వచ్చిన క్యాబిన్ మనిషి నడక కంటే నెమ్మదిగా సాగుతుంది కనుక పిల్లలూ వృద్ధులూ తొందరపడకుండా ఎక్కగలుగుతారు. ఇంత తేడా ఉన్న రెండు వేగాలకు పొత్తు కుదిర్చేది క్యాబిన్ పైభాగాన ఉండే గ్రిప్.

గ్రిప్‌లో రెండు ఉక్కు దవడలుంటాయి. ఒకటి స్థిరంగా ఉంటుంది, రెండోది కదులుతుంది. బలమైన స్ప్రింగులు ఆ రెండింటినీ ఎప్పుడూ దగ్గరకు నొక్కుతూ ఉంటాయి. బట్టల క్లిప్పును నొక్కితేనే తెరుచుకున్నట్టు, ఈ దవడలు విడివడాలన్నా బయటి నుంచి బలం కావాలి. ఈ యంత్రంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం. కరెంటు పోయినా, మోటారు ఆగినా పట్టు సడలదు, ఎందుకంటే పట్టుకోవడానికి కరెంటుతో పనే లేదు. దవడలను తెరిచే ఏర్పాటు స్టేషన్లలోనే ఉంటుంది, దారి మధ్యలో ఉండదు.

క్యాబిన్ స్టేషన్‌లోకి రాగానే దాని చక్రాలు అక్కడి పట్టా మీదికి ఎక్కి బరువును మోస్తాయి. అదే సమయంలో గ్రిప్ లీవరు చివరనున్న చిన్న రోలరు వాలుగా అమర్చిన మరో పట్టాను తాకుతుంది. ముందుకు సాగేకొద్దీ ఆ వాలు లీవరును నొక్కుతుంది, స్ప్రింగులు అణిగి దవడలు తెరుచుకుంటాయి, కేబుల్ పక్కకు తప్పుకుని తన దారిన పోతుంది. ఇక క్యాబిన్‌ను నడిపించే బాధ్యత పైన వరుసగా బిగించిన రబ్బరు టైర్లది. అవి గ్రిప్ మీది పలకను ఒరుసుకుంటూ తిరుగుతాయి. ఒక్కో టైరు తన ముందుదానికంటే కొంచెం నెమ్మదిగా తిరిగేలా బెల్టులతో కలిపి ఉండడం వల్ల వేగం కుదుపు లేకుండా తగ్గుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చిన క్యాబిన్‌ను సుమారు 4 సెకన్లలో నెమ్మది చేయాలంటే దాదాపు 10 మీటర్ల పొడవున టైర్లు కావాలి. స్టేషన్లు అంత పొడవుగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

బయటికి వెళ్లేటప్పుడు ఇదంతా తిరగబడి జరుగుతుంది, కానీ ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం. దవడలు మూసుకునే క్షణానికి క్యాబిన్ వేగం కేబుల్ వేగంతో సమానం కాకపోతే దవడలు కేబుల్‌ను రాసుకుని దాని తీగలను దెబ్బతీస్తాయి. అందుకే చాలా స్టేషన్లలో టైర్లను తిప్పే శక్తిని కదిలే కేబుల్ నుంచే తీసుకుంటారు. కేబుల్ నెమ్మదిస్తే టైర్లూ అదే నిష్పత్తిలో నెమ్మదిస్తాయి. పట్టు కుదిరాక దవడలు సరిగా మూసుకున్నాయా, స్ప్రింగుల బలం చాలినంత ఉందా అని పరికరాలు పరీక్షిస్తాయి, తేడా కనిపిస్తే గొండోలాను ఆపేస్తాయి.

నడిచే కేబుల్‌ను పట్టి వదిలే పద్ధతి పాతదే. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన కేబుల్ కార్లలో ఆ పని మనిషి చేతితో జరిగేది. గొండోలాలో ఆ పని పట్టాల ఆకారమే చేస్తుంది. 1981లో అమెరికాలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో నలుగురు కూర్చునే వేగవంతమైన కుర్చీ లిఫ్టు ఈ రకం గ్రిప్‌తోనే నడిచింది. 2004లో కొలంబియాలోని మెడెయిన్, 2014లో బొలీవియాలోని లా పాజ్ నగరాలు గొండోలాను రోజువారీ ప్రజారవాణాగా మార్చుకున్నాయి.

పది మంది పట్టే క్యాబిన్ 12 సెకన్లకొకటి బయలుదేరితే గంటకు ఒక దిశలో 3,000 మంది వెళ్లవచ్చు. సెకనుకు 5 మీటర్ల వేగంలో కేబుల్ మీద క్యాబిన్ల మధ్య దూరం 60 మీటర్లు. స్టేషన్‌లో సెకనుకు 0.25 మీటర్ల వేగంలో అదే దూరం 3 మీటర్లకు తగ్గుతుంది.

ప్రతి చుట్టులోనూ గ్రిప్ కేబుల్‌ను కొత్త చోట పట్టుకుంటుంది కనుక అరుగుదల ఒక్కచోటే పేరుకోదు. గ్రిప్ మీద మాత్రం ఒత్తిడి తప్పదు. అందుకే వాటిని నిర్ణీత కాలానికి విడదీసి, కంటికి కనిపించని పగుళ్ల కోసం అయస్కాంత పద్ధతిలో పరీక్షించి, అరిగిన భాగాలను మార్చి, ఆ తర్వాతే తిరిగి బిగిస్తారు.