టెక్నికల్ సపోర్ట్ నుంచి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు: చదువు, సర్టిఫికెట్ల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో హెల్ప్‌డెస్క్ అయినా, దివిటిపల్లి ఐటీ టవర్, నల్లగొండ ఐటీ హబ్ లాంటి చోట్ల అయినా, మూడు నాలుగేళ్లు సపోర్ట్ చేశాక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ వైపు మనసు పోతుంది. అప్పుడు అందరూ మొదట అడిగేది "ఏ కోర్సు చేయాలె?" అని. కోర్సు కంటే ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

అపోహ: బీటెక్ లేకుంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

వాస్తవం: డిగ్రీ అడ్డం పడేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, పెద్ద కంపెనీల దరఖాస్తుల వడపోత. "ఏదైనా డిగ్రీ" అని ఉంటే బీఎస్సీ కంప్యూటర్స్, బీకాం కంప్యూటర్స్ సరిపోతాయి. "బీఈ, బీటెక్ మాత్రమే" అని ఉంటే బయటి నుంచి పెట్టే దరఖాస్తు చాలావరకు మొదట్లోనే ఆగిపోతుంది. అదే పోస్టుకు లోపలి నుంచి, అంటే ఐజేపీలో (సొంత ఉద్యోగులకే కంపెనీ ఇచ్చే ఖాళీల ప్రకటన) ప్రయత్నిస్తే, మీ పని చూసిన మేనేజర్ మాటకు బరువు ఉంటుంది. రెండోది పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్) అర్హత. డిగ్రీ ఉన్నవాళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపాలి, ఇంటర్‌తో ఆగినవాళ్లు 60 నెలలు చూపాలి. చదువు మధ్యలో ఆగితే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేసుకోండి. ఈ రెండు చోట్లా పనికొస్తుంది.

అపోహ: పీఎంపీ పాసైతే ఉద్యోగం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: పీఎంపీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల పరీక్ష కాదు. పైన చెప్పిన నెలలతో పాటు 35 గంటల శిక్షణ కావాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఒక నెలగానే లెక్క. రోజువారీ టికెట్లు (వాడేవాళ్లు పంపే ఫిర్యాదులు) మూయడం నిర్వహణ పని కిందికి వస్తుంది కాబట్టి లెక్కలోకి రాదు. మీ హోదా "ప్రాజెక్ట్ మేనేజర్" అని ఉండనక్కర లేదు, నడిపించింది మీరై ఉండాలి. పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు తీసి పైఅధికారుల ధ్రువీకరణ అడుగుతుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు: కంపెనీ మారారు, పాత మేనేజర్ ఫోన్ కలవదు, తేదీలు గుర్తుండవు. అందుకే ప్రాజెక్టు ముగిసిన వారంలోనే దాని పేరు, మొదలు, ముగింపు, మీరు తీసుకున్న నిర్ణయాలు, ధ్రువీకరించే వ్యక్తి పేరు రాసి పెట్టుకోండి.

అనుభవం లేనివాళ్లకు పీఎంఐదే సీఏపీఎం అనే మొదటి మెట్టు సర్టిఫికెట్ ఉంది, 23 గంటల శిక్షణతో రాయవచ్చు. సపోర్ట్‌లో ఉన్నవాళ్లకు ఐటీఐఎల్ 4 ఫౌండేషన్ కూడా ఉపయోగమే. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరైనవి రావాలి. కానీ అది సర్వీస్ మేనేజ్‌మెంట్, అంటే ఐటీ సేవలు నడిపే పద్ధతి మీద ఇచ్చే సర్టిఫికెట్. దాన్ని చూపి ప్రాజెక్ట్ మేనేజర్‌నని చెప్పుకుంటే ఇంటర్వ్యూలో నిలబడదు.

అపోహ: సపోర్ట్ అనుభవం ప్రాజెక్టులకు పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది, మస్తుగా పనికొస్తుంది. రాసుకునే తీరే తప్పుగా ఉంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీ కాంటా సాఫ్ట్‌వేర్ మార్చాలనుకోండి. సపోర్ట్ మనిషికి తెలిసింది ఇది: కాంటా ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) నుంచి కంప్యూటర్‌కు సీరియల్ కేబుల్ వస్తుంది. ఇండికేటర్ 2400 బాడ్ రేటులో (డేటా పంపే వేగం) పంపుతుంటే, సాఫ్ట్‌వేర్ 9600లో చదివితే తెర మీద బరువుకు బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. అది సరిచేయడం టికెట్.

ప్రాజెక్టు అంతకు చాలా ముందే మొదలవుతుంది. మొదటి ప్రశ్న తేదీ. వానాకాలం వడ్లు దిగే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో కాంటా ముట్టుకోకూడదు. గేటు ముందు లారీలు ఆగితే మిల్లే ఆగుతుంది. రెండోది, నిర్ణయం ఎవరిది: డబ్బు యజమానిది, లెక్కల తీరు గుమస్తాది, బటన్ నొక్కేది కాంటా ఆపరేటర్. ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడాలి. మూడోది, పాత బండ్ల నంబర్లు, పార్టీల పేర్లు, ఖాళీ బండి బరువులు కొత్త దాంట్లోకి ఎలా వస్తాయి. పేర్లు రెండు మూడు రకాలుగా రాసి ఉంటాయి, వాటిని శుభ్రం చేయడానికే అనుకున్న దానికంటే ఎక్కువ రోజులు పోతాయి. నాలుగోది, మూడు రోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చీటీలు సరిపోల్చడం. ఐదోది, ఎన్ని గంటలలోపు సర్దుకోకుంటే పాత దానికి తిరిగి వెళ్తామో ముందే కాగితం మీద రాసుకోవడం. ఇది రాయకపోతే రాత్రి పదింటికి గేటు దగ్గర వాదన జరుగుతుంది.

సగంలో గుమస్తా "ట్యాలీకి కూడా కలపండి" అంటాడు, అంటే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు. సపోర్ట్ అలవాటు వెంటనే "సరే సార్" అనిపిస్తుంది. ప్రాజెక్టులో మాత్రం ఎన్ని రోజులు పెరుగుతుంది, ఎంత ఖర్చు, ఎవరు సంతకం పెడతారు అని అడిగి, జవాబు వచ్చాకే ఒప్పుకోవాలి. మారాల్సిన అసలు అలవాటు ఇదే, ఏ సర్టిఫికెట్టూ దీన్ని మార్చి ఇవ్వదు.

ఇలాంటి పని మీ టీంలోనే దొరుకుతుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగింది. కొన్ని ఆఫీసుల్లో మార్పిడి పని ఇంకా మిగిలే ఉంది. విండోస్ 11కు కావాల్సిన టీపీఎం 2.0 (భద్రతా చిప్) లేని పాత మిషన్లు ఎన్నో లెక్కతీసి, కొనుగోలుకు పట్టే రోజులు చేర్చి, విభాగాల వారీగా తేదీలు వేసి, ఆ పని నాకివ్వండని అడగండి. రెజ్యూమెలో "రోజుకు ఇన్ని టికెట్లు" అనే వరుస తీసేసి దీన్ని పెట్టండి: ఎన్ని మిషన్లు, ఎన్ని దశలు, అనుకున్న తేదీ, ముగిసిన తేదీ, తేడా ఎందుకొచ్చింది.

అపోహ: ఇంగ్లీష్ గడగడా రావాలి.

వాస్తవం: స్పష్టంగా రాయడం వస్తే నెగ్గుకురావచ్చు. వారానికో మెయిల్, నాలుగు వరుసలు: ఏం అయింది, ఏం ఆగింది, ఎవరు తేల్చాలి, ఏ తేదీలోపు. చెడ్డ వార్త మొదటి వరుసలోనే ఉండాలి.

అపోహ: అనుభవం తక్కువైతే దొంగ అనుభవ పత్రం కొని "పెట్టించుకోవచ్చు".

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్‌ (ఉద్యోగి పీఎఫ్ నంబర్) కింద ఉండే ఉద్యోగ చరిత్ర చూస్తాయి. అక్కడ లేని కంపెనీ రెజ్యూమెలో ఉంటే ఆఫర్ పోతుంది, చేరాక బయటపడితే ఉద్యోగమే పోతుంది. అప్పు చేసి ఆ కాగితం కొన్న ఇంటికి ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం.

అపోహ: ఎంబీఏ తప్పనిసరి.

వాస్తవం: ఈ మార్పు కోసమే అయితే అక్కర లేదు. ఉద్యోగం మాని రెండేళ్లు చదివే కన్నా, ఉన్నచోట రెండు చిన్న ప్రాజెక్టులు ముగించినవాళ్లు ఐజేపీలో ముందుంటారు. ఎంబీఏ అవసరం తర్వాత, పెద్ద బడ్జెట్లు, కాంట్రాక్టులు చేతికొచ్చే దశలో రావచ్చు. అప్పుడు ఉద్యోగం చేస్తూనే చదవవచ్చు.