రిమోట్ డెస్క్‌టాప్ అపోహలు - వాస్తవాలు: పోర్టు నంబరు మార్చితే తాళం వేసినట్టు కాదు

గుంటూరు బ్రాడీపేట ఆడిటర్ ఆఫీసుల్లో, మిర్చి యార్డు కమిషన్ కొట్లలో, విజయవాడ ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో తరచూ కనిపించే ఏర్పాటు ఇది. లోపలి గదిలో ఒక సర్వరు, అందులో లెక్కలు రాసే ట్యాలీ. నలుగురైదుగురు ఇళ్ల నుంచో బ్రాంచి నుంచో రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే ఇంటర్నెట్ మీదుగా సర్వరు తెరను తమ ముందుకు తెచ్చుకుని, పని చేసుకుంటారు. ఏర్పాటులో తప్పేం లేదు. బయటి నుంచి వచ్చే దారి, అంటే పోర్టు అనే నంబరున్న తలుపు, ఎలా వేశారని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "రూటర్‌లో పోర్టు తెరిచామండీ, నంబరు కూడా మార్చేశాం, ఇంకెవరికి తెలుస్తుంది?"

అందరికీ తెలుస్తుంది. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డేటా మిగతా అపోహలన్నీ కలిపినా పోదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: రిమోట్ డెస్క్‌టాప్ మామూలు పోర్టు 3389 బదులు వేరే నంబరు పెడితే ఎవరికీ కనపడదు.

నెట్‌లో సమాచారం పంపే పద్ధతి అయిన టీసీపీలో పోర్టు నంబర్లు 65,535కు మించి లేవు. ఇంటర్నెట్‌లోని ఐపీ చిరునామాలను వరసపెట్టి తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. తలుపు ఏ నంబరులో ఉన్నా, తట్టగానే రిమోట్ డెస్క్‌టాప్ తన పద్ధతిలో బదులిస్తుంది. ఆ బదులే దాన్ని పట్టిస్తుంది. నంబరు మారిస్తే వచ్చిపోయే తాకిడి కొంత తగ్గవచ్చు, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

మీ సర్వరులోనే చూడండి. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సెక్యూరిటీకి వెళ్లి, 4625 (విఫలమైన లాగిన్ నంబరు) అని ఫిల్టర్ పెట్టండి. పోర్టు తెరిచి ఉన్న సర్వరైతే అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్ పేర్లతో విఫలమైన లాగిన్లు పేజీలకు పేజీలు కనిపిస్తాయి. తెర రాకముందే పాస్‌వర్డ్ అడిగే నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ ఆన్‌లో ఉంటే ఇవి లాగాన్ టైప్ 3 (నెట్‌వర్క్ లాగిన్) కింద పడతాయి. రిమోట్ డెస్క్‌టాప్ అంటే టైప్ 10 కదా అని దానికోసమే వెతికి, ఏమీ లేదని ఊపిరి పీల్చుకునేవాళ్లు చాలామంది.

"పాస్‌వర్డ్ గట్టిది" అన్నా సరిపోదు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ అనే రిమోట్ డెస్క్‌టాప్ లోపానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 లాంటి పాత వాటిలో లాగిన్‌కు ముందే లోపలికి దూరే సందు అది. పైగా చాలాకాలం వరకూ విండోస్‌తో వచ్చే అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఎన్ని తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టినా లాక్ అయ్యేది కాదు. దాన్ని కూడా లాక్ చేసే పాలసీ 2022 అక్టోబరు అప్‌డేట్‌తోనే వచ్చింది. పాత సర్వర్లలో ఆ పాలసీని మనమే ఆన్ చేయాలి.

లోపలికి వచ్చినవాడు ముందు యాంటీవైరస్ ఆపుతాడు. తర్వాత విండోస్ దాచుకునే పాత ప్రతులు, అంటే షాడో కాపీలు, చెరిపేస్తాడు. ఆ పైన ఫైళ్లన్నిటికీ తాళం వేస్తాడు. బ్యాకప్ కోసమని ఎప్పుడూ తగిలించే ఉంచిన యూఎస్‌బీ డ్రైవ్‌కూ అదే గతి.

చేయాల్సిన పని ఈ వరసలో చేయండి. రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీకి వెళ్లి రిమోట్ డెస్క్‌టాప్‌కు పోర్టు తెరిచిన రూలు తీసేయండి. కొన్ని రూటర్లలో దాని పేరు వర్చువల్ సర్వర్. అడక్కుండానే పోర్టులు తెరిచే యూపీఎన్‌పీ కూడా ఆపండి. తీశాక ఆఫీసు వైఫై మీద కాకుండా మొబైల్ డేటా మీద కనెక్ట్ అయి చూడండి, అవకూడదు. సీజన్ మధ్యలో దీన్ని ముట్టుకుంటే లెక్కలు పోతాయేమోనని జంకేవాళ్లు ఉంటారు. ఆ భయం అక్కర్లేదు, రూలు తీస్తే దారి మూసుకుంటుందే తప్ప డేటా చెక్కుచెదరదు.

తర్వాత వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య సొరంగం, పెట్టండి. చిన్న ఆఫీసుకు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ చాలు: ఒక్క యూడీపీ (టీసీపీ లాంటి మరో పద్ధతి) పోర్టు, తెలియని కీతో ఎవరు తట్టినా అసలు బదులే ఇవ్వదు. మనిషికొక కీ ఇవ్వండి. ఉద్యోగి మానేసిన రోజే ఆ కీ తీసేయండి. ఇరవై ముప్పై మంది ఉండి, విండోస్ డొమైన్ (ఖాతాలన్నిటినీ ఒకచోటి నుంచే నడిపే ఏర్పాటు) ఉంటే ఆర్‌డీ గేట్‌వే (రిమోట్ డెస్క్‌టాప్‌కు కాపలా గేటు) మేలు. అది 443 పోర్టు మీద నడుస్తుంది, యూడీపీకి 3391. ఓటీపీ లాంటి రెండో మెట్టు తప్పనిసరి. గేట్‌వేను గుర్తుపట్టించే సర్టిఫికెట్ గడువు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి, అది దాటిన రోజు పొద్దున్నే ఎవరికీ కనెక్ట్ కాదు.

సర్వరు ఫైర్‌వాల్‌లో 3389 రూలు స్కోప్‌ను (ఎవరికి తెరవాలో చెప్పేది) వీపీఎన్ చిరునామాలకూ లోపలి నెట్‌వర్క్‌కూ పరిమితం చేయండి. స్టాఫ్‌ను అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులోంచి తీసి రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్‌లో మాత్రమే ఉంచండి. పది తప్పు పాస్‌వర్డ్‌లకు పదిహేను నిమిషాల లాకౌట్ పెట్టండి. బ్యాకప్‌కు రెండు డ్రైవ్‌లు మార్చి మార్చి వాడండి, ఒకటి ఎప్పుడూ బీరువాలోనే ఉండాలి. నెలకోసారి అందులోంచి ఒక కంపెనీ డేటా రీస్టోర్ చేసి ట్యాలీలో తెరిచి చూడండి. తెరవనిదే అది బ్యాకప్పో కాదో తెలియదు.

ఇప్పటికే ఫైళ్ల పేర్ల చివర ఏదో కొత్త తోక కనిపిస్తుంటే కంగారులో ఫార్మాట్ కొట్టకండి. ముందు నెట్ కేబుల్ పీకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు దాచండి.

అపోహ: రిమోట్ తెర మూలన ఎక్స్ నొక్కితే లాగవుట్ అయినట్టే. కాదు, అది డిస్‌కనెక్ట్ మాత్రమే. ట్యాలీ, పదిహేను బ్రౌజర్ ట్యాబ్‌లు సర్వరు ర్యామ్‌లో అలాగే కూర్చుంటాయి. 20వ తేదీన, జీఎస్‌టీఆర్-3బీ (నెలవారీ జీఎస్‌టీ రిటర్ను) ఒత్తిడిలో, సర్వరు నత్తనడక నడవడానికి సగం కారణం ఇదే. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ చూడండి, నిన్న ఇంటికెళ్లినవాళ్లు కూడా అక్కడే ఉంటారు. విండోస్ నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో సెషన్ టైమ్ లిమిట్స్ కింద డిస్‌కనెక్ట్ అయిన సెషన్లకు రెండు గంటలు పెట్టండి. మరీ ఐదు నిమిషాలు పెట్టొద్దు. వేసవిలో ఇంటి దగ్గర కరెంటు పోయినా, సర్వరు యూపీఎస్ మీద ఉంటే సగం కొట్టిన వోచరు అలాగే ఉండేది ఈ డిస్‌కనెక్ట్ పుణ్యమే.

అపోహ: విండోస్ సర్వర్ కొంటే ఎంతమందైనా రావచ్చు. అడ్మిన్ పనికోసం ఇద్దరు, అంతే. ఎక్కువమందిని రానిచ్చే సెషన్ హోస్ట్ రోల్ వేస్తే 120 రోజులు ఊరికే నడుస్తుంది, ఆ తర్వాత ఆర్‌డీఎస్ క్యాల్‌లు (మనిషికో కంప్యూటర్‌కో ఒక లైసెన్సు) కావాలి. సర్వర్ 2019, ఆ పై వెర్షన్లలో డొమైన్ లేకుండా పర్ యూజర్ క్యాల్ వేస్తే గంటకోసారి బయటికి నెట్టేస్తుంది. దానికి నెట్ కంపెనీని తిట్టి లాభం లేదు. పర్ డివైస్ క్యాల్ వేయండి, లేదా డొమైన్‌లో చేర్చండి. విండోస్ డీఎల్ఎల్ ఫైలు మార్చి ఎక్కువమందిని ఎక్కించే చిట్కా లైసెన్సుకు విరుద్ధం, పైగా అప్‌డేట్ రాగానే చెడుతుంది.

అపోహ: డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) సర్వరుకు గుచ్చితే అందరికీ వస్తుంది. రిమోట్ సెషన్‌కు సర్వరు వెనక గుచ్చిన టోకెన్ కనపడదు. మీ ముందున్న కంప్యూటర్‌కే గుచ్చండి. కనెక్షన్ పెట్టెలో లోకల్ రిసోర్సెస్, మోర్, అందులో స్మార్ట్ కార్డ్స్ టిక్ చేయండి. టోకెన్ సాఫ్ట్‌వేర్ సర్వరులోనూ ఉండాలి.

అపోహ: ట్యాలీ నెమ్మదిస్తే నెట్ ప్లాన్ పెంచాలి. టైపింగ్ పనికి ఎంబీపీఎస్‌లు పెద్దగా అక్కర్లేదు, పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ముఖ్యం. వంద మిల్లీసెకన్ల లోపు నిలకడగా ఉంటే హాయిగా నడుస్తుంది. 200 దాటి ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత పెద్ద ప్లాన్ అయినా అక్షరం ఆగి ఆగి పడుతుంది.

అపోహ: డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ రిమోట్‌లో పనికిరాదు. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ఒకటి కొట్టడానికి రెండు నిమిషాలు పడుతోందంటే, రిమోట్ డెస్క్‌టాప్ వాడే ఈజీ ప్రింట్ డ్రైవర్ దాన్ని బొమ్మలా పంపుతోందన్నమాట. ఆ ప్రింటర్ సొంత డ్రైవర్‌ను సర్వరులో వేసి, ఈజీ ప్రింట్‌ను ముందు వాడే పాలసీని డిసేబుల్ చేసి, ట్యాలీలో డాట్ మ్యాట్రిక్స్ ఫార్మాట్ ఎంచుకోండి. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది.