వెర్సాయి అవివాహిత రాజకుమార్తెలు: అపోహలు - వాస్తవాలు

ఐరోపా రాజాస్థానాల చరిత్రను బోధించే వృత్తిలో ఉన్నందువల్ల, వెర్సాయి రాజమందిరంలో కొలువున్న ఫ్రాన్స్ రాజు 15వ లూయీ కుమార్తెల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ విద్యార్థుల మాటల్లో ఒకే రకమైన జాలి నాకు వినిపిస్తుంది. ఆయన ఎనిమిది మంది ఆడపిల్లల్లో పెళ్లి జరిగింది పెద్ద కుమార్తె లూయీజ్ ఎలిజబెత్‌కు మాత్రమే. ఇద్దరు బాల్యంలోనే చనిపోగా, ఆన్రియెత్, అదెలాయిద్, విక్తువార్, సోఫీ, లూయీజ్ అవివాహితలుగానే ఉండిపోయారు.

అపోహ: వారిని చేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

వాస్తవం: అడ్డు వచ్చింది వారి హోదాయే. ఫ్రాన్స్ రాజు కుమార్తెకు వరుడు కావాలంటే అతడు కాథలిక్కు అయి ఉండాలి, పాలక వంశంవాడై ఉండాలి, ఆమె స్థాయికి తగినవాడూ అయి ఉండాలి. ప్రొటెస్టెంటు రాజవంశాలను పక్కనపెడితే అటువంటి సంబంధాలు ఐరోపా మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. 1739లో పెద్దమ్మాయిని స్పెయిన్ రాజు చిన్న కుమారుడికి ఇవ్వడాన్నే ఆస్థానంలో కొందరు తక్కువ సంబంధంగా భావించారు. పెళ్లి కాని కుమార్తె పుట్టింటి హోదాను, సొంత పరివారాన్ని, ఆస్థానంలో అగ్రస్థానాన్ని నిలుపుకొనేది. స్థాయి తక్కువ వంశంలోకి వెళ్తే వాటిలో చాలా భాగం వదులుకోవలసి వచ్చేది.

అపోహ: భక్తి వల్లనో శిక్షగానో వారిని మఠానికి పంపారు.

వాస్తవం: 1738లో చిన్నవాళ్లు నలుగురిని ఫోంతెవ్రో మఠానికి పంపడానికి ప్రధాన కారణం ఖర్చు. ఒక్కొక్క రాజకుమార్తెకు పరివారాన్ని ఏర్పాటు చేయడం ఖజానాకు భారమని మంత్రి ఫ్లూరీ భావించాడు. విక్తువార్ 1748లో, సోఫీ, లూయీజ్ 1750లో తిరిగి వచ్చారు. వారితో వెళ్లిన మరో చెల్లెలు తెరేజ్ మాత్రం 1744లో, ఎనిమిదేళ్ల వయసులో అక్కడే కన్నుమూసింది. మఠంలో ఉన్న ముగ్గురి చిత్రాలను నాతియే అనే చిత్రకారుడు గీశాడు. కన్నతల్లికి ఏళ్ల తరబడి దూరమైన పిల్లల ముఖాలు అవి. ఈ కుటుంబం గురించి ఎన్నిసార్లు పాఠం చెప్పినా నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. అయితే లూయీజ్ 1770లో కార్మెలైట్ అనే కఠిన నియమాల కాథలిక్కు సంఘంలో సన్యాసిని అయినప్పుడు మాత్రం ఆ నిర్ణయం పూర్తిగా ఆమెదే. ఆ సంగతి ఆమె వెళ్లిపోయేదాకా అక్కలకు తెలియదు.

అపోహ: పని లేక కాలక్షేపం చేశారు.

వాస్తవం: ఆన్రియెత్ వియోల్ ద గాంబ అనే తంత్రీవాద్యం, అదెలాయిద్ వయొలిన్, విక్తువార్ హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం వాయించేవారు. తరువాత నాటక రచయితగా పేరు పొందిన బొమార్షే వారికి హార్ప్ నేర్పాడు. 1764లో అప్పటికి బాలుడైన సంగీతకర్త మోజార్ట్ అచ్చువేయించిన తన తొలి సొనాటాలను (వాద్య సంగీత రచనలను) విక్తువార్‌కే అంకితమిచ్చాడు. వారి గ్రంథాలయాలు కూడా పెద్దవే. అదెలాయిద్ పుస్తకాలకు ఎర్రతోలు, విక్తువార్ పుస్తకాలకు ఆకుపచ్చతోలు, సోఫీ పుస్తకాలకు నిమ్మపండు రంగు తోలు బైండింగు ఉండేవి.

అపోహ: రాజమందిరంలో కోరినట్టు బతికారు.

వాస్తవం: వారికి పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగం చేసిన మదాం కాంపాన్ రాసిన దాని ప్రకారం, సాయంత్రం రాజు వేట బూట్లు విడిచే వేళకు కూతుళ్లు ఇంట్లో వేసుకున్న దుస్తులపైనే వలయాలతో ఉబ్బెత్తుగా ఉండే పెద్ద హూపు పావడా, వెనక ఈడ్చే పొడవాటి కొంగు, పైన నల్లటి టాఫెటా పట్టు దుప్పటి తగిలించుకొని వెళ్లేవారు. ఆయన నుదుటిపై ముద్దు పెట్టగానే వెనక్కి వచ్చి మళ్లీ కుట్టుపని చేసుకొనేవారు.

అపోహ: రాజకీయాలతో వారికి సంబంధం లేదు.

వాస్తవం: రాజు ప్రియురాలు దు బారీతో మాట్లాడవద్దని రాజు మనవడి భార్య మరీ ఆంత్వానెత్‌ను ప్రోత్సహించింది ఈ అత్తలే. ఫ్రెంచి విప్లవకాలంలో, 1791 ఫిబ్రవరిలో అదెలాయిద్, విక్తువార్ రోముకు బయలుదేరితే ఆర్నే-ల-ద్యూక్ పట్టణంలో ఆపేశారు; వారిని వెళ్లనివ్వాలా వద్దా అని జాతీయ అసెంబ్లీ చర్చించి, ఆపడానికి చట్టమేదీ లేదని తేల్చిన తరువాతనే వారి ప్రయాణం కొనసాగింది.