ఆరు నెలల గడువు: అధ్యక్షుడి ఇంట్లో బానిసలు

ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ అనే చారిత్రక గంటకు కొత్త భవనం కడుతున్న రోజుల్లో, 2002లో, చరిత్రకారులు ఒక విషయం గుర్తుచేశారు. ఆ పక్క స్థలంలోనే అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నివాసం ఉండేది, అందులో బానిసలు పనిచేసేవారు. నగరంలోని నల్లజాతి వారు ఏళ్ల తరబడి పట్టుబట్టాక, 2010లో అలా పనిచేసిన తొమ్మిది మంది బానిసల పేర్లతో అక్కడ స్మారకం వెలిసింది.

1776లో మనుషులంతా సమానులేనని ప్రకటించిన భవనం అక్కడికి కూతవేటు దూరమే. ఆ స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. ముసాయిదాలో ఆయన బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ ఒక పేరా రాసి, తప్పంతా బ్రిటిష్ రాజు మీదికి నెట్టారు. దాన్నీ కొట్టేశారు. 1787లో అదే భవనంలో రాజ్యాంగం రాస్తూ బేరాలాడుకున్నారు. ప్రతినిధుల సభ సీట్ల లెక్కకు ఐదుగురు బానిసలు ముగ్గురితో సమానం. 1808 దాకా బానిసల దిగుమతిని కాంగ్రెస్ నిషేధించకూడదు. పారిపోయినవారిని యజమానికి అప్పగించాలి.

ఆ రోజుల్లో తప్పని ఎవరికీ తెలియదని సమర్థించేవారు ఉన్నారు. ఆ మాట నిలవదు. బానిసత్వాన్ని క్రమంగా తొలగించే చట్టాన్ని ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం 1780లోనే చేసింది. బయటి నుంచి వచ్చిన యజమాని తన బానిసను ఆ రాష్ట్రంలో ఆరు నెలలు ఉంచితే, ఆ బానిసకు విముక్తి. కాంగ్రెస్ సభ్యులకు మినహాయింపు ఉంది, అధ్యక్షుడికి లేదు.

వాషింగ్టన్ ఏం చేశారు? గడువు నిండకముందే తన ఇంటి బానిసలను రాష్ట్రం దాటించి మళ్లీ తీసుకొచ్చేవారు. వాళ్లకూ, ప్రజలకూ అసలు సంగతి తెలియకుండా ఏదో ఒక సాకుతో ఈ పని జరగాలని 1791 ఏప్రిల్‌లో తన కార్యదర్శికి ఉత్తరం రాశారు. తప్పని తెలియనివాడికి దాచాల్సిన అవసరం ఏముంటుంది? పారిపోయిన బానిసలను పట్టుకునే చట్టంపై 1793లో సంతకం పెట్టిందీ ఆయనే.

ఆ ఇంట్లో అధ్యక్షుడి భార్య మార్తాకు దగ్గరుండి సేవలు చేసిన యువతి ఓనా జడ్జ్. మార్తా తనను మనవరాలికి ఇచ్చేయబోతోందని ఆమెకు తెలిసింది. 1796 మే నెలలో ఒక రోజు, దొరలు భోజనం చేస్తుండగా, ఇల్లు దాటింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మౌత్ చేరింది. పట్టిస్తే పది డాలర్లు ఇస్తామని పత్రికలో ప్రకటన వచ్చింది. ఆచూకీ తెలిశాక వాషింగ్టన్ ప్రభుత్వ అధికారుల చేతనే వెనక్కి రప్పించే ప్రయత్నం చేశారు. వాషింగ్టన్ దంపతుల తదనంతరం విముక్తి ఇస్తామని మాటిస్తే వస్తానందామె. విశ్వాసఘాతకానికి బహుమానం ఇవ్వలేనని ఆయన ఆ షరతును తోసిపుచ్చారు.

తన సొంత బానిసలను విడుదల చేయాలని వాషింగ్టన్ వీలునామా రాశారు. ఓనా మాత్రం మార్తా మొదటి భర్త ఎస్టేటుకు చెందిన ఆస్తి. అందుకే 1848లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో ఆమె పారిపోయిన బానిసే. పేదరికంలో బతికింది, పిల్లలను పోగొట్టుకుంది. వెళ్లిపోయినందుకు బాధగా ఉందా అని వృద్ధాప్యంలో అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అంది.

దేశమంతటా బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణ ఆమోదం పొందింది 1865లో. నేరానికి శిక్షగా చేయించే వెట్టిచాకిరీకి మాత్రం అందులో మినహాయింపు ఉంచారు.