పూర్వీకుల వెతుకులాట: కాగితాలు తగువులాడితే ఎవరి మాట నమ్మాలి?

వంశ పరిశోధన చేసేవారి దగ్గరకు తరచూ వచ్చే ఫిర్యాదు ఇది: "ముత్తాత పుట్టిన సంవత్సరం మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉందండీ." ఉండనివ్వండి. మూడింటిలోనూ ఒకేలా ఉంటేనే, ఒకదాన్ని చూసి మరొకటి రాశారేమోనని నాకు అనుమానం వస్తుంది.

అపోహ: ప్రభుత్వ ముద్ర ఉంటే అందులో ఉన్నదంతా నిజమే.

వాస్తవం: మరణ ధ్రువపత్రాన్నే తీసుకోండి. మరణించిన తేదీ, స్థలం అప్పటికప్పుడు తెలిసినవాళ్లు చెప్పినవి. అదే కాగితంలోని పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు మాత్రం ఏ అల్లుడో పొరుగాయనో ఆ హడావిడిలో గుర్తున్నంతవరకు చెప్పినవి కావచ్చు. అందుకే నేను ముందు చూసేది సమాచారం ఇచ్చినవారి పేరు. ఒక గడిని నమ్మి, దాని కింది గడిని పక్కన పెట్టడం ఈ పనిలో మామూలే.

అపోహ: వయసు, తేదీ కలవకపోతే మనిషి వేరు.

వాస్తవం: తొందరపడకండి. ఇంగ్లండులో 1841 జనగణనప్పుడు 15 దాటినవారి వయసును కిందికి, ఐదు గుణిజానికి దించి రాయమన్నారు. 39 ఏళ్ల మనిషి 35 ఏళ్లవాడిగా కనిపిస్తాడు. గణకులందరూ ఆ మాట పాటించలేదు, అదో చిక్కు. ఐర్లండులో 1901, 1911 జనగణనల మధ్య గడిచింది పదేళ్లే అయినా, చాలామంది వృద్ధుల వయసు అంతకు మించి పెరిగింది. మధ్యలో, 1909 జనవరిలో, 70 నిండినవారికి పింఛను మొదలైంది మరి! అక్కడ జనన నమోదు 1864లో గానీ మొదలవలేదు కాబట్టి వాళ్ల దగ్గర జనన పత్రాలు లేవు. నేనైతే వాళ్లను తప్పుపట్టను.

పాత చర్చి పుస్తకాల్లో ఇంకో తమాషా. 1720 మేలో బాప్టిజం పొందిన బిడ్డను 1720 ఫిబ్రవరిలో ఖననం చేసినట్టు ఉంటుంది. 1752కు ముందు ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. పుస్తకం రాసినాయన తప్పేమీ లేదు.

అపోహ: ఓడల్లో వచ్చిన వలసదారులను ఒకప్పుడు తనిఖీ చేసిన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో, అమెరికా అధికారులు వాళ్ల ఇంటిపేర్లు మార్చేశారు.

వాస్తవం: ఎన్నో కుటుంబాల్లో చెప్పుకునే కథ ఇది. కానీ ప్రయాణికుల జాబితా ఓడ బయలుదేరిన వైపే తయారయ్యేది. దీవిలో అధికారులు దాన్ని ముందు పెట్టుకుని ప్రశ్నలు వేసేవారు. పేర్లను చాలావరకు ఆ కుటుంబాలే తర్వాత మార్చుకున్నాయి. కాబట్టి ఓడ జాబితాలో పాత పేరుతో వెతకండి.

అపోహ: వంద వంశవృక్షాల్లో ఉంటే నిజమే అయ్యుంటుంది.

వాస్తవం: ఒకరిది చూసి మరొకరు దించుకుంటే వందా కలిపి ఒక్క సాక్ష్యమే.

అపోహ: డీఎన్ఏ పరీక్ష అంతా తేల్చేస్తుంది.

వాస్తవం: బంధుత్వం ఉందని చెబుతుంది గానీ ఉమ్మడి పూర్వీకుడి పేరు చెప్పదు. దూరపు బంధువుల మధ్య పోలిక అసలు కనిపించకపోవచ్చు కూడా.

అపోహ: పేరు దొరికితే మనిషి దొరికినట్టే.

వాస్తవం: అసలు తలనొప్పి ఇక్కడే. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే కాగితాలు కలగాపులగం అవుతాయి. అప్పుడు పేరును వదిలి చుట్టుపక్కల చూడాలి: భార్య ఎవరు, వృత్తి ఏమిటి, పెళ్లికి సాక్షులెవరు, పొరుగు ఇళ్లలో ఎవరున్నారు. కాగితాలన్నీ తేదీల వరుసలో పేర్చండి. ఒకచోట చక్కగా సంతకం చేసి, రెండేళ్ల తర్వాత ఇంకోచోట గుర్తు మాత్రమే పెట్టాడంటే, అక్కడి నుంచి రెండు కట్టలుగా విడదీసి చూడడం మొదలుపెట్టండి.