బోరు నీళ్లు ఎక్కడివి? రాయగడ, గుణుపురం వైపు వినిపించే అపోహలు

బోర్లకు పాయింట్ చూడడం, కొండ ఊటలు కొలవడం నా పని. ఏ ఊరెళ్లినా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: భూమిలో పాతాళగంగ పారుతుంది, దాని దారి దొరికితే చాలు.

వాస్తవం: బొర్రా గుహల్లాంటి సున్నపురాయి ఉన్నచోట నేల కింద ఏరు పారడం నిజమే. మన దగ్గర ఉన్నది ఖొండలైటు, చార్నకైటు. గట్టి రాళ్లు. రిగ్గు దింపేటప్పుడు గమనించండి. మొదట ఎర్రమట్టి వస్తుంది, తర్వాత మెత్తటి మురం, అంటే శిథిలమై పొడిబారిన రాయి. రాయి తగిలాక బూడిదరంగు దుమ్ము లేస్తుంది. నీళ్లున్న పగులు తగిలితే ఆ దుమ్ము ఆగిపోయి బురద చిమ్ముతుంది. ఉన్న నీరంతా ఆ మురంలో, ఆ పగుళ్లలోనే. అదీ వాన నీరే. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల పైచిలుకు. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు కురిస్తే 48 లక్షల లీటర్లు. చాలావరకు ఆవిరైపోతుంది, గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, కొట్టుకుపోతుంది. పదో వంతు నేలలోకి దిగినా అది మంచి నేలే.

అపోహ: ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు.

వాస్తవం: లోతుకు పోయేకొద్దీ పైరాయి బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. 300 అడుగుల్లో పడని నీళ్లు 800కి పడడం అరుదు. అడుగు లెక్కన డబ్బు తీసుకునేవాళ్లు మాత్రం "ఇంకో రెండు రాడ్లు దింపుదాం సార్" అంటూనే ఉంటారు.

ఇక నీళ్లున్నచోట అరచేతిలో కొబ్బరికాయ నిలబడుతుందన్న నమ్మకం. పల్లంలో, మురం మందంగా ఉన్నచోట ఎక్కడ వేసినా ఎంతో కొంత పడుతుంది. పడినవి ఊరంతా చెప్పుకుంటారు, ఫెయిలైన బోర్ల ఊసెత్తరు. నేను కడ్డీలు పాతి కరెంటు పంపి చేసే సర్వే కూడా గ్యారంటీ కార్డు కాదు. మురం మందమెంతో చెప్తుంది, పగులులో నీళ్లెన్నో చెప్పదు.

అపోహ: ఎండాకాలం గెడ్డ పారుతోందంటే ఎగువన వాన పడినట్టే.

వాస్తవం: నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. నెలల తరబడి రాళ్ల మధ్య నిలిచిన నీరు వాటిని కరిగించుకుంటుంది. నీటిలో లవణాలెన్నో అంకెలో చూపే కండక్టివిటీ మీటరును గెడ్డలో ముంచితే వరదప్పుడు అంకె బాగా పడిపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి పక్క నూతి నీటి అంకెకు దగ్గరవుతుంది. అంటే అప్పుడు పారేది నేలలోంచి మెల్లగా దిగుతున్న పాత వాన. వంశధార పుట్టే నియమగిరి కొండల నెత్తిన బాక్సైటు పొర సన్నటి రంధ్రాలతో ఉంటుంది. అది వానను పీల్చుకుంటుంది. ఆ నీరు కిందున్న బంకమట్టి దాటలేక పక్కకు ఊటలుగా వస్తుంది.

అందుకే ఊటకు ఎగువన బోరు వేసి "మాది వేరే నీరు" అంటే నేను ఒప్పుకోను. తోడుతున్నది చాలావరకు ఆ ఊట నీళ్లనే.

మీ ఊటను నమ్ముకోవచ్చో లేదో తెలియాలంటే ఏప్రిల్, మే నెలల్లో కొలవండి. ఆగస్టులో ఏ ఊటైనా జోరుగానే ఉంటుంది. ధార కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైం చూడండి. నిమిషంలో నిండితే రోజుకు 28,800 లీటర్లు. జల్ జీవన్ మిషన్ చెప్పే మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన 500 మందికి పైగా సరిపోతాయి.