బండి ఎందుకు కీచుమంటోంది? పిల్లలకు ఉత్తరం

వనస్థలిపురం,
హైదరాబాద్.

చిరంజీవులు శ్రావణికి, తేజకు,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న వానలో ఆఫీసుకు బయల్దేరుతుంటే కారు గట్టిగా కీచుమందని శ్రావణి ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో దానంతటదే ఆగిపోయిందట. సాయంత్రం దారిలో ఎవరో ఇంజిన్ బెల్టుకు సబ్బు రుద్దారట, ఇప్పుడు చప్పుడే లేదట. మీటింగ్ ఉందంటే నేను ఫోన్ పెట్టేశాను గానీ ఆ రాత్రంతా అదే ఆలోచన. నలభై ఏళ్లు బోనెట్ల కింద పని చేశాను. నా మనవరాలి బండికి సబ్బు రుద్ది పంపించారంటే నిద్ర ఎలా పడుతుంది? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. తేజా, నీకూ లైసెన్స్ వచ్చింది కాబట్టి ఇది ఇద్దరికీ.

ముందు ఆ బెల్టు ఏం చేస్తుందో చెప్తాను. ఇంజిన్ తిరిగే ఇరుసుకు చివర ఒక పుల్లీ ఉంటుంది. పుల్లీ అంటే మన ఊరి బావి మీది గిలకే. ఆ గిలక మీది నుంచి ఒక రబ్బరు బెల్టు బయల్దేరి మిగతా గిలకలను తిప్పుతుంది. వాటిలో ఒకటి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ఒకటి ఏసీ కంప్రెసర్. చాలా బండ్లలో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ అనే ద్రవాన్ని దాని చుట్టూ తిప్పే వాటర్ పంపు కూడా దీని మీదే ఆధారపడుతుంది. మీ నాన్న పాత డీజిల్ బండిలో అయితే పవర్ స్టీరింగ్ పంపు కూడా. మేం ఇప్పటికీ దీన్ని ఫ్యాన్ బెల్ట్ అంటాం. అంబాసిడర్‌లో అది నిజంగానే రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పేది. ఇప్పటి కార్లలో ఫ్యాన్‌కు వేరే మోటారు వచ్చింది, బెల్టుకు మాత్రం ఆ పేరే మిగిలింది.

బెల్టును తిరగేసి చూస్తే లోపలి వైపు నిలువునా సన్నటి గట్లు కనిపిస్తాయి. పుల్లీ మీద వాటికి సరిపడా గాళ్లు ఉంటాయి. బెల్టు పట్టు అంతా ఆ గట్ల పక్కల్లో ఉంటుంది, కొనల్లో కాదు. గొడ్డలి కామలో చీల దిగి బిగుసుకున్నట్టు గట్టు గాడిలో బిగుసుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గట్ల పక్కలు అరుగుతాయి. అప్పుడు గట్టు కిందికి దిగి గాడి అడుగును తాకుతుంది. పక్కల పట్టు పోతుంది, నీళ్లు పడితే బయటకు పోవడానికి సందు ఉండదు, బెల్టు జారుతుంది. అరిగిన టైరు తడి రోడ్డు మీద జారినట్టే. శ్రావణీ, నువ్వు విన్న కేక ఆ జారుడుదే అని నా అనుమానం.

అయితే రెండు నిమిషాల్లో ఎందుకు ఆగింది? సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి చాలా కరెంటు ఖర్చవుతుంది. ఇంజిన్ అందుకోగానే ఆల్టర్నేటర్ ఆ లోటు పూడ్చడం మొదలుపెడుతుంది. అప్పుడే దాన్ని తిప్పడం అన్నిటికంటే బరువు. పైగా వాన కాబట్టి లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ వేసి ఉంటావు. రెండు హెడ్‌లైట్లు 55 వాట్లవి అనుకుంటే వాటికే ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు కావాలి. కాసేపటికి బ్యాటరీ కొంత నిండుతుంది, బెల్టు మీది తడి ఆరుతుంది, చప్పుడు ఆగుతుంది. కానీ అరుగుదల అలాగే ఉంది తల్లీ. మళ్లీ వాన వచ్చేదాకా అది బయటపడదు, అంతే.

సబ్బు గురించి మొహమాటం లేకుండా చెప్తాను: అది మోసం. సబ్బు, మైనం, పౌడరు, బెల్టు మీద కొట్టే స్ప్రే, వీటిలో ఏదైనా చప్పుడును నాలుగు రోజులు ఆపుతుందేమో గానీ అరిగిన గట్టును తిరిగి తేలేదు. స్ప్రే జిగటకు మన రోడ్ల దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది. ఆ దుమ్ము గరుకుకాగితంలా మిగిలిన రబ్బరును కూడా తినేస్తుంది. పసిపిల్ల ఏడుస్తుంటే ఎందుకో చూడకుండా నోరు మూస్తామా? చప్పుడు వచ్చిందంటే బండి మనకు ఇంకా టైమ్ ఇస్తోందన్నమాట.

చప్పుళ్లలో తేడా పట్టుకోవడం నేర్చుకోండి, సగం పని అయిపోతుంది. గట్టిగా సాగదీసినట్టు కీచుమని, ఏసీ వేయగానే లేదా స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే ఎక్కువైతే బెల్టు జారుతోంది. పిచ్చుకలాగా కిచ్, కిచ్ అని ఒక లయలో వస్తూ, ఇంజిన్ వేగం పెంచితే ఆ లయ కూడా వేగం పెరిగితే, పుల్లీలు ఒకే వరసలో లేవు. గరగరమనో, బొంగురుగానో ఉంటే బెల్టుతో సంబంధం లేదు. పుల్లీ మెత్తగా తిరగడానికి లోపల ఉండే బేరింగ్ ఏదో పోతోంది. మొదటి రెండింటిలో ఏదో తేలకపోతే మాకు ఒక పాత పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా దూరం నుంచి చిన్న స్ప్రే సీసాతో బెల్టు గట్ల వైపు కొంచెం మంచినీళ్లు చల్లాలి. చప్పుడు పెరిగితే బిగువు తక్కువో, బెల్టు అరిగిందో. కాసేపు ఆగి, ఆరాక మళ్లీ మొదలైతే పుల్లీ పక్కకు ఒరిగింది. ఈ పరీక్ష మీరు ఒంటరిగా చేయొద్దు, నేను పక్కన ఉన్నప్పుడే.

కళ్లతో చూసేటప్పుడు ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, చల్లబడ్డాక మాత్రమే చేతులు పెట్టండి. బటన్‌తో స్టార్ట్ అయ్యే బండి అయితే తాళం ఇంట్లో పెట్టి రండి. ఇంజిన్ ఆగినా వేడి మీద రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా తిరగొచ్చు. చున్నీ, గాజులు, చేతి గొలుసు, వదులు చొక్కా చేతులు, ఇవేవీ ఇంజిన్ దగ్గరికి రాకూడదు. నా కళ్లముందే ఒక కుర్రాడి వేలు పుల్లీకీ బెల్టుకూ మధ్య నలిగింది. అందుకే ఇది అడగకుండానే రెండుసార్లు చెప్తాను, విసుక్కోకండి.

పాత రకం బెల్టుల రబ్బరు ఎండిపోయి పగుళ్లు ఇచ్చేది. అంగుళం పొడవులో మూడు నాలుగు పగుళ్లు కనిపిస్తే మార్చేసేవాళ్లం. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం అనే రబ్బరుతో వస్తున్నాయి. అవి అంత తొందరగా పగలవు, లోపల్లోపల అరుగుతాయి. పైకి కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, చూసినవాళ్లు బాగానే ఉందంటారు. కాబట్టి పగుళ్లు లేవని నమ్మొద్దు. గట్ల మధ్య లోతు చూడాలి. అంచు దారాలు లేచాయా, గట్టు ముక్క ఊడిందా, పక్కలు అద్దంలా మెరుస్తున్నాయా చూడాలి. నూనె చుక్కలు ఉంటే రబ్బరు ఉబ్బుతుంది. అప్పుడు బెల్టు మార్చడం తర్వాత, ముందు నూనె ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవాలి. కూలెంట్ కారి ఎండిన మరక వాటర్ పంపు దగ్గర కనిపించినా అంతే. ఇది చాలామంది చేయని పని. బెల్టు మార్చి డబ్బు తీసుకుంటారు, ఆరు నెలలకు అదే బండి అదే కేకతో మళ్లీ వస్తుంది. దెబ్బ తిన్నది బెల్టు అయినా, దెబ్బ కొట్టింది ఇంకోటి.

బిగువు సంగతి చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. 1987 ఎండాకాలం. నేను పని నేర్చుకుని మూడేళ్లు. ఒకాయన అంబాసిడర్ తెచ్చాడు, బెల్టు వదులై కేక వేస్తోంది. ఆ రోజుల్లో కరెంటు పుట్టించే డైనమోను కడ్డీతో వెనక్కి లాగి పట్టుకుని బోల్టు బిగించేవాళ్లం. బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే వేలి మందం లోపలికి దిగాలని మా మేస్త్రీ ఎన్నోసార్లు చెప్పాడు. నేను మళ్లీ వదులు కాకూడదని తీగలాగా మోగేదాకా లాగి బిగించాను. కేక ఆగింది, ఆయన మెచ్చుకుని వెళ్లాడు. పద్నాలుగు రోజుల తర్వాత పిల్లలతో సాగర్ వెళ్తుంటే ఇబ్రహీంపట్నం దాటాక వాటర్ పంపు బేరింగ్ విరిగింది. ఆ లాగుడు బరువంతా పగలూ రాత్రీ ఆ బేరింగ్ మీదే పడింది మరి. మే నెల ఎండలో ఇద్దరు చిన్నపిల్లలు వేపచెట్టు కింద మూడు గంటలు కూర్చున్నారు. నేను బస్సులో పంపు పట్టుకెళ్లి అక్కడే వేశాను. డబ్బు తీసుకోలేదు. ఆ చిన్నపాప ఎర్రబడిన ముఖం ఇప్పటికీ గుర్తుంది. నులక మంచం ఎంత బిగించాలో అంతే బిగించాలి. కోళ్లు వంగేలా లాగకూడదు.

ఇప్పటి చాలా బండ్లలో స్ప్రింగు ఉన్న టెన్షనర్ ఆ బిగువును తనే చూసుకుంటుంది. కానీ స్ప్రింగు కూడా అలసిపోతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు టెన్షనర్ చెయ్యి వణుకుతూ ఎగిరెగిరి పడుతుంటే దాని పని అయిపోయినట్టే. దాన్ని వదిలేసి కొత్త బెల్టు వేస్తే డబ్బు దండగ. బెల్టు తీసినప్పుడు ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడాలి. మెత్తగా, చప్పుడు లేకుండా తిరగాలి. ఇసుక నలిగినట్టు ఉన్నా, అటూ ఇటూ ఊగినా ఆ బేరింగ్ మార్చాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. వేళ్లకు తెలిసినంత చెవులకు తెలియదు.

కరెంటు వైపు కూడా ఒకసారి చూడండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొని డాష్‌బోర్డులో పడేసుకోండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8, 14.4 మధ్య చూపించాలి. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటర్ దాన్ని కొంచెం అటూ ఇటూ మారుస్తుంది. లైట్లూ ఏసీ వేయగానే 12 దగ్గరికి పడిపోయి కేక కూడా వస్తుంటే ఆల్టర్నేటర్‌ను నిందించకుండా ముందు బెల్టు చూడండి. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందని రెండు బ్యాటరీలు కొన్నవాళ్లు నాకు తెలుసు. అసలు లోపం జారుతున్న బెల్టు.

ఇక దారిలో తెగితే. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది. కాసేపటికి ఇంజిన్ వేడి ముల్లు పైకి ఎక్కుతుంది. తేజా, మీ నాన్న బండిలో అయితే స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా బరువెక్కుతుంది. భయపడకుండా రెండు చేతులతో గట్టిగా తిప్పు, అది తిరుగుతుంది. శ్రావణి బండిది కరెంటు స్టీరింగ్ కాబట్టి ఆ సూచన వెంటనే రాదు. అందుకే నువ్వు ఆ ఎర్ర బొమ్మను తేలిగ్గా తీసుకోవద్దు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఆ 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్నా సరే, ఇల్లు దగ్గరే కదా అనుకోకు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి ఎడమకు తీసి ఆపు. నీ బండిలో వాటర్ పంపు ఈ బెల్టు మీదే తిరుగుతుంది. అది ఆగాక ఇంకో కిలోమీటరు నడిపితే ఇంజిన్ హెడ్ వంగిపోవచ్చు. కొన్ని వందల బెల్టు కోసం వేలల్లో ఖర్చు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. దిగి, రెయిలింగ్ వైపు నిలబడి నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా.

ఒక విషయంలో తికమక పడకండి. టైమింగ్ బెల్ట్ అని ఇంకోటి ఉంది. పళ్లున్న బెల్టు, మూత వెనక దాగి ఉంటుంది, కొన్ని బండ్లలో దాని బదులు గొలుసు ఉంటుంది. అది కేక వేసి చెప్పదు. తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. దాన్ని మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకు మార్చడం తప్ప వేరే దారి లేదు.

శ్రావణీ, ఈ ఆదివారం నీ బండి బెల్టు మనం మారుద్దాం. ఇప్పుడున్న బెల్టు వీపు మీద అంకెలు ఉంటాయి, ఫోటో తీసి పంపు. ఉదాహరణకు 6పీకే1070 అని ఉంటే ఆరు గట్లు, పీకే అనేది గట్టు ఆకారం, 1070 మిల్లీమీటర్ల పొడవు. నీది ఏదైతే అది నేను రాణిగంజ్ వెళ్లి తెస్తాను. అక్కడ బెల్టులూ బేరింగులూ అమ్మే దుకాణాల్లో కావలసిన కొలత దొరుకుతుంది. అంకెలు చెరిగిపోయి ఉంటే బండి మోడల్, ఏడాది చెప్పు. పాతదాన్ని కొలిచి కొనకూడదు, అది సాగి ఉంటుంది.

విప్పేముందు బెల్టు ఏ పుల్లీ మీది నుంచి ఎటు తిరిగిందో తేజ ఫోటో తీయాలి. ఇది మరిచిపోయి రెండు గంటలు తల పట్టుకున్నవాళ్లు ఎందరో. గట్లున్న వైపు గాళ్లున్న పుల్లీల మీద, నున్నటి వీపు నున్నటి పుల్లీల మీద కూర్చోవాలి. వేశాక ప్రతి పుల్లీ దగ్గరా వేలితో తడిమి, ఒక్క గట్టు కూడా గాడి బయటకు జారలేదని చూడాలి. ఒక గట్టు పక్కకు పడినా కొత్త బెల్టు కాసేపట్లోనే చీలిపోతుంది. తర్వాత స్పానర్‌తో ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, అప్పుడే సెల్ఫ్ కొడదాం. తడిమి చూసే పని శ్రావణిదే, నేను చెయ్యను.

తొమ్మిదికల్లా వచ్చేయండి. ఇంజిన్ చల్లబడేలోపు నానమ్మ పెసరట్లు వేస్తుంది. సబ్బు రుద్దిన ఆ పాత బెల్టును పారేయకుండా నాకు ఇవ్వండి. కొత్తదాని పక్కన పెట్టి, గట్లు ఎంత అరిగాయో మీ ఇద్దరికీ చూపించాలి.

ఇట్లు,
మీ తాతయ్య